చిలకలంక ముఖోద్ధరణ

కిటికీ మీద ఎండా వానా పడకుండా గోడలోంచి ముందుకు వచ్చే సిమెంటు పలకని మన తాపీమేస్త్రీలు సన్‌షేడు అంటారు. పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లు దాన్నే ఇంగ్లీషులో ఐబ్రో అంటారు, అంటే కనుబొమ. అలాగే మెట్లకి అటూ ఇటూ ఉండే పొట్టిగోడల్ని చీక్స్ అంటారు, అంటే చెంపలు. ఈ రెండు ముక్కలూ తెలియకపోయినా మీకూ నాకూ వచ్చిన నష్టమేమీ లేదు. రాజధానిలో అనువాద విభాగం వారికి తెలియకపోవడం వల్ల మాత్రం చిలకలంక పురపాలక సంఘంలో ఇరవైముగ్గురు ఉద్యోగుల కనుబొమలు నుదుటి మీదికి ఎక్కి కూర్చున్నాయి. ఇరవైనాలుగో ఉద్యోగి కొప్పిశెట్టి వీరభద్రం. ఈ కథ ఆయనది.

చిలకలంక గోదావరి పాయ పక్కన ఊరు. మునిసిపల్ ఆఫీసు పాత మేడ. వానాకాలంలో గుమాస్తాలు లోపల గొడుగు వేసుకుని ఫైళ్ళు రాస్తుంటే వింతగా చూసేవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. కిటికీల సన్‌షేడ్లు వాలిపోయాయి, మెట్ల పక్క గోడలు కిందికి జారాయి. అసిస్టెంటు ఇంజనీరు తాతపూడి ఏసుపాదం మూడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి, ఆఫీసుకి ఫేస్ లిఫ్ట్ కావాలనీ, వాలిన ఐబ్రోలనీ చీకుల్నీ రెండంగుళాలు పైకి ఎత్తించాలనీ, పగుళ్ళు పూడ్చి పైపూత వేయించాలనీ ప్రతిపాదన పంపించాడు. పాపం, తనకి వచ్చిన భాషలో తను రాశాడు. ఆ ఏడే ప్రభుత్వం వారు ఉత్తర్వులన్నీ అచ్చతెలుగులో ఉండి తీరాలని ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. జనవరి ఆఖరి వారంలో ఏసుపాదం అడిగినది మంజూరై వచ్చింది. అందులో ఇలా ఉంది:

"చిలకలంక పురపాలక కార్యాలయమునకు ముఖోద్ధరణ. వాలిన కనుబొమలను, జారిన చెంపలను రెండు అంగుళముల మేర పైకెత్తవలెను. ముడుతలు పూడ్చి పైపూత వేయవలెను. పని మార్చి 31వ తేదీ లోపల నూటికి నూరుపాళ్ళు పూర్తి కావలెను. కానిచో నిధులు మురిగిపోవును."

ఏసుపాదం అది చదువుకుని తల పట్టుకుని కమిషనర్ గారి గదిలోకి పరిగెత్తాడు. కమిషనర్ పుండరీకాక్షరావు గారు నిబంధనల మనిషి. టీకప్పు కింద కూడా పాత జీవో ఒకటి పరుచుకుని తాగుతారని పేరు.

"ఇది కిటికీల సంగతండి బాబూ," అన్నాడు ఏసుపాదం. "మనుషులది కాదండి."

"ఉత్తర్వులో కిటికీ అన్న మాట ఎక్కడున్నదో చూపించండి," అన్నారు కమిషనర్ గారు.

ఏసుపాదం కాయితం రెండు వైపులా వెతికాడు. ఎక్కడా లేదు. పోనీ కార్యాలయమునకు అని ఉంది కదండీ అన్నాడు. దానికి కమిషనర్ గారు చిరునవ్వు నవ్వి, కార్యాలయమంటే ఇటుకా సున్నమూ కాదనీ అందులో పనిచేసే సిబ్బందే కార్యాలయమనీ మొన్న రిపబ్లిక్ డే నాడు జెండా కింద నిలబడి తామే సెలవిచ్చామనీ, అప్పుడు చప్పట్లు కొట్టినవారిలో ఏసుపాదం కూడా ఉన్నాడనీ గుర్తు చేశారు. అతను కొట్టిన మాట నిజమే. అందరికంటే గట్టిగా కొట్టాడు.

సవరణ కోరుతూ ఉత్తరం రాద్దామన్న ఏసుపాదం ఆశ కూడా తీరలేదు. పూర్వం ఒకసారి వీధికుక్కల బండి విషయంలో ఒక అక్షరానికి సవరణ అడిగితే, ఆ కుక్కలన్నీ ముసలివై సహజ మరణం పొందాక జవాబు వచ్చింది. మార్చి ముప్పై ఒకటి దాకా మిగిలింది రెండు నెలలు. మంజూరైన పనిని మురగబెట్టిన కమిషనర్ అన్న మచ్చ తమ సర్వీసు రిజిస్టరులో పడడం పుండరీకాక్షరావు గారికి ప్రాణం పోయినా ఇష్టం లేదు.

మర్నాడు మీటింగు పెట్టి సిబ్బందికి సంగతి చెప్పారు. గొడవ అవుతుందేమోనని ఆయన ముందుజాగ్రత్తగా డఫేదారుని తలుపు దగ్గర నిలబెట్టారు గానీ ఆ అవసరమే రాలేదు. ఉచితం అన్నారు, పైగా సెలవన్నారు. ఈ రెండు మాటలూ కలిసి వినపడితే గవర్నమెంటు ఉద్యోగి మొహమేమిటి, మోకాలు కూడా ఇస్తాడు. పన్నుల విభాగంలో చంద్రకళ అందరికంటే ముందు చెయ్యెత్తింది. ఆవిడకి నలభై ఏడేళ్ళు. పదేళ్ళుగా ఎవరు చూసినా "ఒంట్లో బాగాలేదా అమ్మా" అని అడుగుతున్నారనీ, తన మొహం తనని చూసి ఆవలిస్తున్నట్టు ఉంటోందనీ ఆవిడ బాధ. ఆ బాధ నిజమైనదే. దాన్ని చూసి నవ్వేవాళ్ళు ముందు తమ మొహాలు అద్దంలో చూసుకోవాలి.

ఇష్టం లేనిది వీరభద్రానికొక్కడికే.

వీరభద్రం జనన మరణాల నమోదు గుమాస్తా. ఏభై నాలుగేళ్ళు. కనుబొమలు బయటి కొసన కిందికి వాలి, బుగ్గలు దవడల మీదికి జారి, చావింటి నుంచి ఇప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కున్నవాడిలా ఉంటాడు. మనసులో ఎంత సంతోషం ఉన్నా మొహం అంతే. తన పెళ్ళి ఫోటోలో కూడా పెళ్ళికూతుర్ని ఓదారుస్తున్నట్టే ఉన్నాడు. చిన్నప్పుడు బడిలో ఏడుపుగొట్టు అనేవారు. ఉద్యోగంలో చేరాక, మరణ ధ్రువీకరణ పత్రాల కిటికీ దగ్గర కూర్చోబెట్టాక, ఆ మొహానికి తగిన చోటు దొరికింది.

తండ్రి పోయినవాడు, భర్త పోయినావిడ, బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళు ఆ కిటికీ దగ్గరికి వస్తారు. వీరభద్రం పోయినవాళ్ళ పేరు అడిగి, రాసుకునే ముందు కలం కింద పెట్టి ఒక్క క్షణం తలెత్తి చూస్తాడు. అంతే. వచ్చినవాళ్ళకి ఎవరో తమ బరువు ఒక పక్క పట్టుకున్నట్టు ఉంటుంది. ఆస్తి కోసం మెట్ల కింద కాలర్లు పట్టుకున్న అన్నదమ్ములు ఆ మొహం చూసి గొంతు తగ్గించుకున్న రోజులున్నాయి. ఇదంతా వీరభద్రానికి తెలుసు. ఉద్యోగంలో తను నిజంగా చేసే పని అదేననీ, మిగతాదంతా రాత అనీ అతని నమ్మకం.

ఇంటికి వెళ్ళి భార్యతో చెప్పాడు. సత్యవేణి వంకాయలు తరుగుతోంది. కత్తిపీట పక్కకి జరిపి మొగుడి మొహంలోకి చూసింది. ఆవిడకి సంబంధాలు చూసేరోజుల్లో తండ్రి పోయి ఏడాది కూడా కాలేదు. వచ్చిన పెళ్ళికొడుకులందరూ పకోడీలు తింటూ పళ్ళికిలించారు. ఒక్క వీరభద్రమే ఆ ఇంట్లో ఏదో పోయిందని తెలిసినవాడిలా కూర్చున్నాడు.

"ఆ మొహం చూసే గదండీ నేను ఊఁ అన్నది," అంది సత్యవేణి. "దాన్నిప్పుడు ఎవడో వచ్చి ఎత్తుతానంటే ఎలాగండి? నన్నడగొద్దా?"

వీరభద్రం మినహాయింపు కోరుతూ అర్జీ పెట్టుకున్నాడు. మూడోనాడు జవాబు వచ్చింది. "ముఖము అర్జీదారుని సొంతమే అయినను పని గంటలయందు అది కార్యాలయమున ప్రదర్శింపబడుచున్నందున కార్యాలయపు ముఖములో భాగముగా పరిగణింపబడును. ఇష్టము లేనిచో అర్జీదారు ముఖముతో నిమిత్తము లేని స్థానమునకు, అనగా చెత్త డంపింగు యార్డుకు బదిలీ కోరుకొనవచ్చును." కింద కమిషనర్ గారు సొంత దస్తూరీతో, ఊరంతా ఒకదారి ఉలిపికట్టెదొకదారి అని కూడా రాశారు. అంటే మొహం ఉంచుకుంటే కిటికీ పోతుంది, కిటికీ ఉంచుకుంటే మొహం పోతుంది.

ఈలోగా టెండరు పిలిచారు. నిధులు కట్టడాల పద్దు కింద వచ్చాయి కాబట్టి టెండరు కూడా కట్టడాల నమూనాలోనే ఉంది. జిల్లా కేంద్రంలో ప్లాస్టిక్ సర్జన్ డాక్టర్ హైమవతి ఒక్కావిడే దరఖాస్తు చేసింది. కాంక్రీటు మిక్సరు సొంతమా, అద్దెదా అన్న గడిలో ఆవిడ "అవసరం లేదు" అని రాస్తే దరఖాస్తు తిరిగి వచ్చింది. రెండోసారి "అద్దెది" అని రాసింది. వెంటనే ఆమోదించారు.

హైమవతి తిన్నగా మాట్లాడే మనిషి. సిబ్బందిని కూర్చోబెట్టి ఈ ఆపరేషను ఏం చేస్తుందో, ఏం చెయ్యదో విడమర్చి చెప్పింది. జుట్టు మొదట్లో చిన్న గాట్లు పెట్టి కనుబొమని పైకి లాగి కుడతారు. రెప్పల మీద బరువు తగ్గి, కోపంగానో నిద్రమత్తుగానో కనపడేవాళ్ళు తేటగా కనపడతారు. జారిన బుగ్గని మళ్ళీ ఎముక మీదికి చేరుస్తారు, ముక్కు పక్క గీత మెత్తబడుతుంది. వాపు కొన్నివారాలుంటుంది, తిమ్మిరి కొన్నినెలలు ఉండొచ్చు.

"పదేళ్ళ అలసట కనపడకుండా పోతుందండి," అంది ఆవిడ. "పోయేది కనపడ్డమే. అలసట మీ దగ్గరే ఉంటుంది."

ఎంత ఎత్తు అన్న దగ్గర చిక్కొచ్చింది. మంచి ఫలితానికి అర సెంటీమీటరు చాలనీ, సెంటీమీటరు దాటితే మనిషి జీవితాంతం ఆశ్చర్యపోతున్నట్టు ఉంటాడనీ డాక్టరు అంది. ఉత్తర్వు ప్రకారం రెండంగుళాలు అన్నారు కమిషనర్ గారు. రెండంగుళాలు లేపితే కనుబొమల్ని కూడా జుట్టుతో కలిపి దువ్వుకోవాల్సి వస్తుందని డాక్టరు అంది. కమిషనర్ గారు కాగితం మీద లెక్క వేశారు. కనుబొమలు రెండు, చెంపలు రెండు, మొత్తం నాలుగు. ఒక్కొక్కటీ అర అంగుళం చొప్పున ఎత్తితే మొత్తం రెండంగుళాలు. ఉత్తర్వులో ఒక్కొక్కటి అని లేదు కదా.

అర అంగుళం కూడా ఎక్కువేననీ ఆశ్చర్యం తప్పదనీ డాక్టరు మళ్ళీ హెచ్చరించింది. ప్రజాసేవలో ఉన్నవాడు నిత్యం ఆశ్చర్యపడుతూ ఉండడం ఆరోగ్యకరమైన లక్షణమని కమిషనర్ గారు తేల్చారు. ఎవరికి వారు ఒప్పుకుని సంతకం పెడితేనే కత్తి పడతానని ఆవిడ అన్నది. ఇరవైముగ్గురూ చదవకుండా సంతకం పెట్టారు. కమిషనర్ గారి సంతకం అందరికంటే పైన ఉంది.

వీరభద్రం పరీక్షకి వెళ్ళినప్పుడు తలుపు దగ్గరగా వేసి, తనకి ఇష్టం లేదని చెప్పాడు. ఇష్టం లేకపోతే చెయ్యనని ఆవిడ అంది. అతని కిటికీ పోతుందన్న సంగతి విని కాసేపు ఆలోచించింది. తర్వాత రక్తపోటు చూసింది. మామూలుగానే కొంచెం ఎక్కువ ఉంది, ఆ వారంలో ఇంకొంచెం పెరిగింది. ఆవిడ దాన్ని పట్టుకుని అతని వంతు అన్నిటికంటే చివర, మార్చి ముప్పయ్యో తారీఖున వేసింది. అంతకంటే తను చేయగలిగింది లేదంది.

ఫిబ్రవరి మధ్యకల్లా ఇరవైముగ్గురికీ అయిపోయింది. ఏసుపాదం స్టీలు టేపు పట్టుకుని మంచం మంచానికీ తిరిగి ఎం-బుక్కులో కొలతలు ఎక్కించాడు. ముఖం నం. 7, కుడి కనుబొమ, అర అంగుళం, పని సంతృప్తికరం. సిమెంటు పనికి ఇరవైయొక్క రోజులు క్యూరింగు, అంటే తడి ఆరకుండా ఉంచడం, తప్పనిసరి అని నిబంధన ఉండడంతో ఇద్దరు కూలీలు తడి గోనెసంచులు పట్టుకుని ఆసుపత్రి వార్డులోకి వచ్చారు. హైమవతి వాళ్ళని గేటు దాకా తరిమింది. జిల్లా నుంచి వచ్చిన నాణ్యతా నియంత్రణ అధికారి ఒక్కొక్కరి చెంప మీద వేలితో తట్టి, చెవి పెట్టి విని, డొల్ల శబ్దం లేదని రాసుకున్నాడు. చెంపలు ఇంకా తిమ్మిరిగా ఉన్నాయి గనక ఎవరో తట్టినట్టు వాళ్ళకి తెలియనే లేదు.

మార్చి మొదటివారంలో అందరూ పనిలోకి వచ్చారు.

ఉన్నమాట చెప్పుకోవాలి. మొదటిరోజు ఊరు ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది. చంద్రకళ మొహంలో పదేళ్ళు ఎటు పోయాయో తెలియలేదు. ఆవిడ మధ్యాహ్నం దాకా మూడుసార్లు అద్దం చూసుకుని, ఒకసారి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వీరభద్రానికి కూడా ఆవిడని చూసి సంతోషమే వేసింది. ఇష్టపడి చేయించుకున్నవాళ్ళకి అది అచ్చొచ్చిందని మనసులో అనుకున్నాడు. అయితే డాక్టరు హెచ్చరించిన ఆ ఆశ్చర్యం ఆవిడ మొహంలోనూ ఉంది, అందరి మొహాల్లోనూ ఉంది. ఆఫీసు మొత్తం ఇప్పుడే ఏదో శుభవార్త విని నమ్మలేకపోతున్నట్టు ఉంది.

రెండోరోజు నుంచి చిక్కులు మొదలయ్యాయి. పన్ను కట్టడానికి వచ్చిన షావుకారు తన పేరు చెప్పాడు. చంద్రకళ మామూలుగానే తలెత్తి చూసింది. ఆవిడ అంతలా ఆశ్చర్యపోయేసరికి ఆయనకి తన పేరు మీదే అనుమానం వచ్చి ఇంటికి వెళ్ళి ఆధార్ కార్డు తెచ్చుకున్నాడు. ఇల్లు ఎన్ని గజాలో చెప్పినవాళ్ళు ఆవిడ చూపుకి భయపడి, పోనీ ఇంకో పది గజాలు వేసుకోండి అన్నారు. ఆ వారం ఇంటిపన్ను పెరిగింది. కమిషనర్ గారు దీన్ని ముఖోద్ధరణ ఫలితంగా పైకి రాసి పంపించారు.

మంచినీళ్ళ విభాగంలో పరిస్థితి వేరు. మూడురోజులుగా కుళాయి రావట్లేదని చెప్పడానికి వచ్చిన ఒక ముసలావిడ, ఎదురుగా ఫిట్టరు మొహం వెలిగిపోతూ ఉండడం చూసి బిందె కింద పెట్టింది.

"మాకు నీళ్ళు రాపోతే నీకంత సంబరమేంటయ్యా?" అని అడిగింది.

సంబరం కాదమ్మా, ఇది గవర్నమెంటు ఆర్డరు అని ఫిట్టరు చెప్పబోయాడు. ఆ మాటతో ఆవిడ కోపం ఇంకా పెరిగింది. గోరుచుట్టు మీద రోకలిపోటులా ఆ వారంలోనే ముందు గోడ మీది సన్‌షేడు పెచ్చు ఒకటి ధన్ మని మెట్ల మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, కిటికీల్లోంచి చూసిన ఉద్యోగుల మొహాల్లో ఏ మార్పూ లేకపోవడంతో అది వాళ్ళే పడేశారని ఊళ్ళో పుకారు పుట్టింది.

జనం నెమ్మదిగా వీరభద్రం కిటికీ వైపు తిరిగారు. మురుగుకాలవ పొంగిందని, వీధిదీపం వెలగట్లేదని, పన్ను రసీదులో తాత పేరు తప్పు పడిందని, అందరూ అతనికే చెప్పుకోవడం మొదలుపెట్టారు. నాది చావుపుట్టుకల విభాగమండి, కాలవ నా చేతిలో లేదండి అని అతను మొత్తుకుంటే, తీర్చకపోయినా ఫరవాలేదు, కాస్త వినండి చాలు అన్నారు. వరస మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్ళింది. పక్క ఊరి నుంచి ఒకాయన తన గేదె చచ్చిపోయిందని కూడా వచ్చి చెప్పుకుని వెళ్ళాడు.

కమిషనర్ గారికి వరస కనపడింది గానీ దాని అర్థం కనపడలేదు. ఆయన పైకి పంపే నివేదికలో ఇరవైనాలుగింట ఇరవైమూడు ముఖాలు పూర్తి అని రాయాల్సి రావడం పంటికింద రాయిలా ఉంది. ఒక్క ముఖం దగ్గర చిలకలంక అభివృద్ధి ఆగిపోయిందని వీరభద్రాన్ని పిలిచి అందరి ముందూ అన్నారు. ముప్పయ్యో తారీఖున ఆసుపత్రికి వెళ్ళకపోతే ముప్పై ఒకటిన డంపింగు యార్డులో చేరవలసి ఉంటుందని కాయితం ఇచ్చారు. వీరభద్రం దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి వెళ్ళి అన్నం సయించక లేచాడు. సత్యవేణి అతని బుగ్గ మీద చెయ్యి వేసి, యార్డుకే వెళ్దురు గాని లెండి, అక్కడ కాకులైనా గుర్తుపడతాయి అంది. వీరభద్రానికి తన కిటికీ గుర్తొచ్చింది.

మార్చి పదిహేనో తారీఖున కమిషనర్ గారి తల్లి పోయింది. ఎనభై ఎనిమిదేళ్ళావిడ. కొడుకు దగ్గరే క్వార్టర్సులో ఉండేది. కొడుకు ఎంత పెద్ద అధికారైనా, ఆఫీసుకి వెళ్ళేటప్పుడు చొక్కా గుండీ ఆవిడే సరిచేసేది.

పుండరీకాక్షరావు గారు ఏడ్చారు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. కానీ కనుబొమలు దిగలేదు, బుగ్గలు కదలలేదు. పరామర్శకి వచ్చిన బంధువులు గుమ్మంలోకి అడుగుపెట్టి, ఆ వెలిగిపోతున్న మొహం చూసి, ఇల్లు తప్పామేమోనని వెనక్కి వెళ్ళి నేమ్ బోర్డు చూసుకున్నారు. ఆయన అక్కగారు కాకినాడ నుంచి కారు దిగి తమ్ముడి మొహం చూసి నిలబడిపోయింది.

"అమ్మ పోతే నీకు పండగలా ఉందేంట్రా?" అంది. ఆ తరవాత నాలుగురోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇది ఆపరేషను అక్కా అని ఆయన చెప్పుకోబోయారు. పెద్దావిడని ఇంట్లో పెట్టుకుని నీకు సింగారం ఎందుకొచ్చిందని ఇంకొకరు అడిగారు. ప్రభుత్వ ఉత్తర్వు అంటే ఎవరూ నమ్మలేదు. ఇంగ్లీషులోంచి తెలుగులోకి మారేటప్పుడు జరిగిందని వివరిస్తే అసలే నమ్మలేదు.

అయిదోరోజున మరణ ధ్రువీకరణ పత్రం కోసం ఆయన స్వయంగా వచ్చారు. కమిషనర్ కాబట్టి డఫేదారుని పంపితే సరిపోయేది. అయినా వరసలో నిలబడ్డారు. ముందున్నవాళ్ళు జరగబోతే వద్దన్నారు. ఆయన వంతు వచ్చాక ఫారం కిటికీలోంచి లోపలికి తోశారు.

"అమ్మగారి పేరండి?" అన్నాడు వీరభద్రం.

"కామాక్షమ్మ."

వీరభద్రం కలం కింద పెట్టాడు. ఈయన తనకి ఇచ్చిన కాయితం ఇంకా జేబులోనే ఉంది. అయినా ఆ క్షణంలో అతనికి గుర్తొచ్చింది అది కాదు. వీధి గేటు దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చేపోయే గుమాస్తాలందరినీ "తిన్నావా నాయనా" అని అడిగే ముసలావిడ గుర్తొచ్చింది. తలెత్తి ఎదురుగా ఉన్న మనిషి వైపు చూశాడు.

పుండరీకాక్షరావు గారు ఆ వాలిన కనుబొమలనీ, జారిన బుగ్గలనీ చూశారు. కిటికీ చువ్వలు పట్టుకుని, ఐదురోజులుగా లోపలే ఉండిపోయినదంతా వెళ్ళగక్కుతూ ఏడ్చారు. మొహం మాత్రం శుభవార్త విన్నట్టే ఉంది. వరసలో ఎవరూ నవ్వలేదు.

"నా మొహంలో రావలసిందంతా నీ మొహంలో ఉందయ్యా," అన్నారు చివరికి. వీరభద్రాన్ని ఆయన ఎప్పుడూ నువ్వు అనలేదు. ఆ మాటలో నిబంధన ఏదీ లేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని గొంతు తగ్గించారు. "పదకొండోరోజుకి నువ్వు మా ఇంటికి రావాలి. వచ్చి నా పక్కన కూర్చోవాలి. కొంచెం మా అక్కకి కనపడేలా."

వీరభద్రం వెళ్ళాడు. సత్యవేణి కూడా వెళ్ళింది. కర్మ జరిగినంతసేపూ కమిషనర్ గారి పక్కన చాపమీద కూర్చున్నాడు. అతను చేసిందేమీ లేదు, ఊరికే ఉన్నాడు. వచ్చినవాళ్ళు తమ్ముణ్ణి చూసి, పక్కనున్నాయన్ని చూసి, రెండూ కలుపుకుని సరిపెట్టుకున్నారు. అక్కగారు విస్తళ్ళ దగ్గర వీరభద్రం గురించి వాకబు చేసింది. ఆయనెవరో గానీ మా అమ్మ మీద మా అందరికంటే ప్రేమ ఉన్నట్టుందని అంది. తరవాత తమ్ముడి దగ్గరికి వెళ్ళి, నువ్వూ ఇంత తినరా అంది. ఆయన తిన్నారు.

ఇక మిగిలింది ముప్పై ఒకటో తారీఖు. ఇరవైనాలుగో ముఖం పూర్తి కాకుండా నూటికి నూరుపాళ్ళు అని రాయడానికి వీల్లేదు. పుండరీకాక్షరావు గారు ఎంత కరిగినా నిబంధన దగ్గర మళ్ళీ గడ్డకట్టే మనిషే. ఈసారి ఏసుపాదం దారి చూపించాడు. ముప్పయ్యో తారీఖు పొద్దున్నే ఒక తాపీమేస్త్రీని తీసుకొచ్చి, వీరభద్రం కూర్చునే కిటికీ మీద పెచ్చు ఊడిన సన్‌షేడుని ఎత్తించి, సిమెంటు వేయించి, తడి గోనెసంచి కప్పించాడు. ఎం-బుక్కులో ఇలా రాశాడు: ముఖం నం. 24, కనుబొమ, రెండు అంగుళాలు పైకెత్తి కాంక్రీటు చేయబడింది, పని సంతృప్తికరం. మొత్తం పథకంలో అసలు ప్రతిపాదన ప్రకారం జరిగిన పని ఇదొక్కటే. హైమవతికి ఆరోజు ఆపరేషను లేదని కబురు పంపితే, ఆవిడ అద్దె మిక్సరు వెనక్కి ఇచ్చేశానని జవాబు పంపింది.

ముప్పై ఒకటిన కమిషనర్ గారు వీరభద్రాన్ని పిలిచి ఉత్తర్వు చేతిలో పెట్టారు. యార్డు బదిలీ రద్దు. అంతవరకూ బాగానే ఉంది. కింద ఇంకా ఉంది. "సదరు గుమాస్తా ముఖము ప్రజాప్రయోజనము దృష్ట్యా సంతాప ముఖముగా ప్రకటించడమైనది. దీనిని యథాతథముగా పరిరక్షించవలెను. పని గంటలయందు సదరు ముఖముపై నవ్వు మొదలగు మార్పులు చేయరాదు. ప్రత్యామ్నాయ ముఖము చూపనిదే సెలవు మంజూరు కాదు. సదరు ముఖమును స్టాకు రిజిస్టరునందు నమోదు చేయవలెను."

వీరభద్రం తన కిటికీ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. మొహం మిగిలింది, చోటు మిగిలింది. రెండు నెలల తరవాత ఊపిరి సరిగ్గా ఆడుతున్నట్టు ఉంది. ఇంతలో చంద్రకళ స్టాకు రిజిస్టరు తెచ్చి, ఇక్కడ మీ సంతకం కావాలండీ అంది. ఆవిడ వేలు పెట్టిన చోట చూశాడు.

ఇనప బీరువా ఒకటి, తాళం చెవి లేదు. సంతాప ముఖము ఒకటి, వాడుకలో ఉన్నది. గోడ గడియారం ఒకటి, పనిచేయుట లేదు.

వీరభద్రం రెండోసారి చదివాడు. నవ్వు రాబోయింది. ఆపుకున్నాడు. బీరువా వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు, ఇక ఆగలేదు. ఏభై నాలుగేళ్ళలో ఎప్పుడూ నవ్వనట్టు, బల్ల పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వాడు. చంద్రకళ కూడా నవ్వింది. వరసలో ఉన్నవాళ్ళు ఎందుకో తెలియకుండానే నవ్వారు. ఆ మొహం నవ్వితే ఇంత బాగుంటుందా అని ఫిట్టరు పక్కగదిలోంచి వచ్చి చూశాడు. ఆఫీసులో అందరి ఆశ్చర్యానికీ మొదటిసారి కారణం దొరికింది.

సాయంత్రం అయిదింటికి మెమో వచ్చింది. విధి నిర్వహణ సమయంలో, ప్రజల సమక్షంలో, స్టాకులో నమోదైన ముఖముపై నవ్వు కలిగించి దాని యథాతథ స్థితికి భంగం చేసినందుకు ఎందుకు చర్య తీసుకోరాదో ఇరవైనాలుగు గంటల్లో సంజాయిషీ ఇమ్మని ఉంది. కమిషనర్ గారి సంతకం ఉంది. దాని పక్కన పెన్సిలుతో, చాలా చిన్న అక్షరాల్లో, "ఏమనుకోకయ్యా, నిబంధన" అని కూడా ఉంది.

వీరభద్రం తెల్లకాయితం తీసుకుని ఒకే ఒక్క వాక్యం రాసి పంపించాడు.

"అయ్యా, ఆ నవ్వు నా సొంతం, ప్రభుత్వ నిధులతో చేయించుకున్నది కాదు."